మెట్ట నేలల్లో వాన నీరు ఎంత ఇంకిందో లెక్కగట్టడం ఎలా: అనంతపురం రాతినేలల ఆధారంగా సమగ్ర మార్గదర్శి

అక్టోబరు చివరికొచ్చేసరికి అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల పల్లెల్లో రైతులు వేసుకునే ప్రశ్న ఒకటుంది. ఈ ఏడు పడిన వానకు భూమిలోకి ఎంత నీరు దిగింది? దాన్ని నమ్ముకుని రబీలో ఎన్ని ఎకరాలు పెట్టుకోవచ్చు? ఈ రెండో ప్రశ్నకు తప్పు జవాబు దొరికితే ఫిబ్రవరిలో బోర్లు గాలి కక్కుతాయి, వేరుశనగ ఊడలు దిగే వేళకు తడి అందదు, కొత్త బోరుకు అప్పు పుడుతుంది. అందుకే మొదటి ప్రశ్నకు జవాబు కొలిచి తెలుసుకోవాలి.

చాలామంది చేసేది ఒక శాతం పట్టుకోవడం: వానలో పదో వంతు ఇంకుతుందని అనుకుని గుణించేయడం. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపు మాత్రమే వాన పడి, ఎండకు ఆవిరి కాగల నీరు దానికి మూడింతలు ఉండే చోట ఈ పద్ధతి ప్రమాదకరం. ఎర్ర గరప నేల వేళ్లు పారే లోతు వరకు తడవడానికే 60, 70 మిల్లీమీటర్లు తాగేస్తుంది. అది నిండాకే మిగిలింది కిందికి జారుతుంది. పదేసి మిల్లీమీటర్ల జల్లులు ఇరవై పడి మొత్తం 200 మిల్లీమీటర్లయినా, ఒక జల్లుకూ మరో జల్లుకూ మధ్య నాలుగైదు రోజుల ఎండ కాస్తే బావిలోకి చుక్క చేరకపోవచ్చు. అదే 200 మిల్లీమీటర్లు సెప్టెంబరులో వారం పది రోజుల్లో దంచి కొడితే మట్టం మీటర్లలో పైకి వస్తుంది. మెట్ట ప్రాంతంలో రీఛార్జి, అంటే వాన నీరు ఇంకి భూగర్భ జలంలో చేరడం, ఏడాది మొత్తం మీద కొన్ని గట్టి వానలు ఇచ్చేది. కాబట్టి ఏటా ఒకే శాతం రాదు.

నేను చెప్పబోయేది మూడు వేర్వేరు దారుల్లో లెక్క కట్టి, వచ్చిన మూడు అంకెలనూ పక్కపక్కన పెట్టి, పంట నిర్ణయానికి వాటిలో చిన్నదాన్ని పట్టుకునే పద్ధతి. కావలసిన సామాను తక్కువే: రెండు మూడు వర్షమాపకాలు, 50 మీటర్ల టేపు, 200 లీటర్ల డ్రమ్ము, సెల్‌ఫోన్లో గడియారం, నీటి నమూనాలకు సీసాలు, ఒక నోటు పుస్తకం. రైతులు దీన్ని చేయగలరా అన్న అనుమానం అక్కర్లేదు. ఏపీఫామ్స్ అని పిలిచిన రైతుల భూగర్భ జల నిర్వహణ కార్యక్రమంలో అనంతపురం, కడప, కర్నూలు, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల రైతులు స్వయంగా వాన, బావి మట్టాలు కొలిచి, రబీకి ముందు ఊరి నీటి బడ్జెట్ వేసుకున్నారు.

అర్థం కావడానికి ఒక ఊహాజనిత వాటర్‌షెడ్‌ను తీసుకుని చివరిదాకా దాని మీదే లెక్క నడుపుతాను. అంకెలు ఉదాహరణకే. మీ ఊరి అంకెలు మీరు కొలుచుకోవాలి.

1. ముందు గీత గీయండి

నీటికి రెవెన్యూ గ్రామం సరిహద్దు తెలియదు. మిట్టల మీద నుంచి వంకదాకా నీరు ఒకే వైపు పారే నేలను ఒక యూనిట్‌గా తీసుకోండి. సర్వే ఆఫ్ ఇండియా టోపో పటం గానీ, గూగుల్ ఎర్త్‌లో ఎత్తులు చూసి గానీ గీయవచ్చు. వాటర్‌షెడ్ పథకం అమలైన ఊరైతే మ్యాపు మండల కార్యాలయంలోనే దొరకొచ్చు.

గీసిన దాంట్లోంచి 20 శాతం కంటే ఎక్కువ వాలు ఉన్న కొండలను తీసేయండి. అక్కడ పడింది పారిపోతుంది తప్ప నిలవదు. కేంద్ర భూగర్భ జల మండలి వాడే జీఈసీ-2015 (భూగర్భ జల వనరుల అంచనా కమిటీ) పద్ధతి కూడా ఇదే చెబుతుంది. మన ఉదాహరణలో మొత్తం 1,000 హెక్టార్లు, కొండలు 100 పోగా 900 హెక్టార్లు. ఒక హెక్టారు మీద ఒక మిల్లీమీటరు అంటే 10 ఘనపు మీటర్లు. అంటే ఈ యూనిట్‌లో ఒక మిల్లీమీటరు రీఛార్జి 9,000 ఘనపు మీటర్లతో సమానం. ఈ అంకెను పుస్తకం మొదటి పేజీలో రాసి పెట్టుకోండి, ప్రతి అడుగులోనూ కావాలి.

ఒక హెచ్చరిక. ఇక్కడ చెప్పేది గ్రానైట్, నైస్ లాంటి గట్టి రాతినేలలకు. తాడిపత్రి వైపు, కొలిమిగుండ్ల వైపు సున్నపురాయి నేలల్లో నీరు సొరంగాల్లాంటి సందుల్లో పరుగెడుతుంది. అక్కడ ఈ లెక్కలను అలాగే వాడకండి.

2. వాన కొలవడం

మండల కేంద్రంలోని వర్షమాపకం అంకె మీ ఊరికి చాలదు. సీమలో వాన ఒక పొలంలో పడి పక్క పొలాన్ని వదిలేస్తుంది. 900 హెక్టార్లకు కనీసం రెండు, వీలైతే మూడు మాపకాలు పెట్టండి. చెట్లకూ గోడలకూ దూరంగా, వాటి ఎత్తుకు కనీసం రెండింతల దూరంలో ఉండాలి. వాతావరణ శాఖ లాగే రోజూ ఉదయం 8:30కు చదవండి. వాన లేని రోజు సున్నా రాయండి. ఖాళీ వదిలితే అది వాన లేని రోజో, చదవని రోజో మూడు నెలల తర్వాత ఎవరికీ తెలియదు.

నెల మొత్తాలతో సరిపెట్టుకోవద్దు. రోజువారీ అంకెలు ఉంటేనే ఏ వానకు మట్టం కదిలిందో పట్టుకోగలరు. రెండు మూడేళ్లు రాశాక, ఎంత వాన ఎన్ని రోజుల్లో పడితే మీ ఊళ్లో బావులు కదులుతాయో మీకే తెలిసిపోతుంది. ఆ తెలివిడి ఏ పుస్తకంలోనూ దొరకదు.

మన ఉదాహరణ: జూన్ నుంచి నవంబరు దాకా 480 మిల్లీమీటర్లు.

3. బావి మట్టం కొలవడం: ఇక్కడే జాగ్రత్త ఎక్కువ కావాలి

లెక్క మొత్తం మేలో ఉన్న మట్టానికీ నవంబరులో ఉన్న మట్టానికీ తేడా మీద నిలబడుతుంది. కాబట్టి కొలిచే బావిని ఎంచుకోవడంలో తొందర పడకండి. వాడకుండా వదిలేసిన పాత దిగుడు బావి, మోటారు తీసేసిన తక్కువ లోతు బోరు అన్నిటికంటే మంచివి. 900 హెక్టార్లకు పది పన్నెండు బావులు, మిట్టలో కొన్ని, నడిమి వాలులో కొన్ని, వంక దగ్గర కొన్ని ఉండేలా తీసుకోండి. వంక పక్కనున్నవే ఎంచుకుంటే ఊరంతా నిండిందన్న భ్రమ కలుగుతుంది.

700, 800 అడుగుల బోర్లను ఈ లెక్కకు దూరంగా ఉంచండి. రాతినేలలో పైన మొరం (శిథిలమై మెత్తబడిన రాయి), దాని కింద పగుళ్ల రాయి, ఇంకా కింద గట్టి రాయి ఉంటాయి. లోతు బోరు ఏదో ఒక సన్నని పగులును తాకి నిలుస్తుంది. ఆ పగుల్లో నీరు ఒత్తిడి మీద ఉంటుంది కాబట్టి కొద్దిపాటి నీటికే మట్టం పది మీటర్లు లేచి కూర్చుంటుంది. ఆ పెరుగుదలను మొరం పొర పెరుగుదలగా గుణిస్తే భూమిలో లేని నీరు కాగితం మీద పుడుతుంది.

కొలిచే పద్ధతి: తెల్లవారుజామున, చుట్టుపక్కల మోటార్లు రాత్రంతా ఆగి ఉన్నప్పుడు కొలవండి. టేపు చివర రెండు మీటర్ల మేర సుద్దముక్క రాసి దింపితే తడిసిన చోట రంగు మారుతుంది, అక్కడ చదవవచ్చు. కేసింగ్ పైపు నేలకు ఎంత పైకి ఉందో కొలిచి ఆ మేరకు తీసేయండి. ప్రతిసారీ అదే అంచు నుంచి కొలవడానికి పైపు మీద పెయింటుతో గుర్తు పెట్టండి. రెండుసార్లు కొలవండి, సెంటీమీటరు కంటే ఎక్కువ తేడా వస్తే మూడోసారి.

మే చివర, నవంబరు చివర తప్పనిసరి. కానీ నెలనెలా కొలిస్తే ఇంకో మేలు ఉంది. వానకు ముందు మట్టం రోజూ కొంచెం కొంచెం పడిపోతూ ఉంటుంది. ఆ వాన రాకపోయి ఉంటే అది ఇంకా ఎంత కిందికి పోయేదో గ్రాఫు మీద గీతను ముందుకు పొడిగించి చూసి, అక్కడి నుంచి పెరుగుదల లెక్కించాలి. మే, నవంబరు రెండే అంకెలతో చేస్తే ఈ భాగం జారిపోయి రీఛార్జి కొంత తక్కువగా వస్తుంది.

మీ మండలంలో ప్రభుత్వ పీజోమీటరు (మట్టం కొలవడానికే వేసిన బోరు) ఉంటే దాని అంకెలను మీ కొలతల పక్కన పెట్టి చూడండి. భూగర్భ జల శాఖ దగ్గర, రాష్ట్ర జల వనరుల పోర్టల్‌లో అవి దొరుకుతాయి. మీ బావుల కదలిక దాని కదలికతో దాదాపు కలిసి నడవాలి.

ఉదాహరణ: నేల నుంచి నీటి దాకా బావుల సగటు లోతు మేలో 13 మీటర్లు, నవంబరులో 10 మీటర్లు. పెరుగుదల 3 మీటర్లు.

4. తోడిన నీటిని లెక్కలోకి తేవడం

వానాకాలంలో కూడా బోర్లు నడుస్తాయి. నడవకపోతే మట్టం ఇంకా పైకి వచ్చేది. అందుకే తోడిన నీటిని పెరుగుదలకు కలపాలి.

బోరు రెండించులు పోస్తోంది, ఇంచున్నర పోస్తోంది అనే మాట రైతుల మధ్య పనికొస్తుంది గానీ లెక్కకు చాలదు. పైపు నిండా పారుతోందా, సగమా అన్నదాన్ని బట్టి అదే రెండించులు ఎంతైనా కావచ్చు. డెలివరీ పైపు కింద 200 లీటర్ల డ్రమ్ము పెట్టి ఎన్ని సెకన్లలో నిండుతుందో చూడండి. 133 సెకన్లు పడితే సెకనుకు 1.5 లీటర్లు, గంటకు 5.4 ఘనపు మీటర్లు. మోటారు వేసిన అరగంట తర్వాత ఒకసారి, ఆపబోయే ముందు ఒకసారి కొలవండి. మొదటి పది నిమిషాల జోరు బోరులో రాత్రంతా చేరిన నీటిది, అది చూసి మోసపోకూడదు. అన్ని బోర్లూ కొలవనక్కర్లేదు. ఐదింట ఒకటి చొప్పున, మంచివీ నీరసమైనవీ కలిపి తీసుకోండి.

బోర్ల సంఖ్యకు కాగితాలను నమ్మకండి. లైన్‌మన్‌తో కలిసి ట్రాన్స్‌ఫార్మర్ వారీగా తిరిగి లెక్కపెట్టండి. పగలు తొమ్మిది గంటల కరెంటు ఇస్తున్నా మోటారు తొమ్మిది గంటలూ నడవదు. నీళ్లు అంత సేపు రావు, వాన పడిన రోజు వేయరు. రైతును అడిగి నిజంగా నడిచిన గంటలు, రోజులు రాసుకోండి.

ఉదాహరణ: 60 బోర్లు, గంటకు 5.4 ఘనపు మీటర్లు, రోజుకు 6 గంటలు, సీజన్లో 60 రోజులు. మొత్తం 1,16,640 ఘనపు మీటర్లు.

ఇందులో కొంత మళ్లీ భూమిలోకే దిగుతుంది. బోరు నీటితో వరి కాని పంటలు తడిపి, మట్టం 10 నుంచి 25 మీటర్ల మధ్య ఉంటే 15 శాతం తిరిగి వస్తుందని జీఈసీ లెక్క. వరికి అదే 35 శాతం. పూర్తిగా డ్రిప్ కింద ఉన్న పొలాలకు నేను ఇంకా తక్కువ వేస్తాను. ఇక్కడ 15 శాతమే తీసుకుందాం: 17,496 ఘనపు మీటర్లు. ఇది వాన ఇచ్చిన నీరు కాదు కాబట్టి చివరలో తీసేయాలి.

చెరువు, చెక్‌డ్యాముల వాటాను కూడా విడిగా చూడాలి. చెరువులో నీరున్నన్ని రోజులు, సగటు నీటి విస్తీర్ణం మీద రోజుకు 1.4 మిల్లీమీటర్లు ఇంకుతుందని తీసుకోవచ్చు. సగటు విస్తీర్ణం తెలియకపోతే అలుగు పారినప్పటి విస్తీర్ణంలో 60 శాతం వేయండి. 20 హెక్టార్లలో 100 రోజులంటే 28,000 ఘనపు మీటర్లు. చెక్‌డ్యాములకు నిల్వ సామర్థ్యాన్ని ఎన్నిసార్లు నిండిందో దాంతో గుణించి సగం వేయాలి, ఆ సగంలో సగం వానాకాలానికి. ఒక్కొక్కటి 3,000 ఘనపు మీటర్ల చెక్‌డ్యాములు నాలుగు, రెండుసార్లు నిండితే ఇంకింది 12,000, వానాకాలం వాటా 6,000. పూడిక తీయని చెక్‌డ్యాముకు కాగితం మీది సామర్థ్యాన్ని వేయకండి, కర్ర దించి లోతు కొలిచి వేయండి.

హంద్రీ-నీవా నీరు వచ్చే చెరువు మీ యూనిట్‌లో ఉంటే ఈ అడుగు ఇంకా ముఖ్యం. కృష్ణా నీటితో చెరువు నిండి బావులు లేస్తే దాన్ని వాన ఖాతాలో వేయకూడదు. కాలువ నీరు రాని ఏడు ఆ మట్టం రాదు.

5. రాయి ఎంత నీరు వదులుతుంది: లెక్క తప్పేది ఇక్కడే

మట్టం మూడు మీటర్లు పెరిగిందంటే మూడు మీటర్ల నీరు చేరినట్టు కాదు. అందులో ఎక్కువ భాగం రాయీ మట్టీ. ఖాళీల్లో నిలిచి, తోడితే బయటికి వచ్చే నీటి వాటానే స్పెసిఫిక్ ఈల్డ్ అంటారు. బంకమట్టి తక్కువున్న మొరం గ్రానైట్‌కు 3 శాతం, బంకమట్టి ఎక్కువుంటే 1.5 శాతం అని జీఈసీ పట్టికలో ఉంది. చూడటానికి చిన్న తేడా. రీఛార్జి మాత్రం దాదాపు రెట్టింపవుతుంది. వానను ఎంత జాగ్రత్తగా కొలిచినా, టేపు ఎంత బాగా చదివినా ఈ ఒక్క అంకె తప్పితే శ్రమంతా వృథా.

అందుకే పట్టికలో అంకె తీసుకుని ముందుకు పోకుండా, మీ నేల అంకెను మీరే రాబట్టండి. దీనికి వానలేని కాలం సాయపడుతుంది. హైదరాబాద్ పక్కన మహేశ్వరం వాటర్‌షెడ్‌లో ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ), ఫ్రెంచి శాస్త్రవేత్తలు కలిసి ఈ పనే చేశారు, అక్కడి గ్రానైట్‌కు 1.4 శాతం దరిదాపు వచ్చింది.

తర్కం ఇది. జనవరి నుంచి మే దాకా వాన లేదు, వంక పారదు, చెరువు ఎండింది. అప్పుడు మట్టం పడిపోవడానికి కారణం ప్రధానంగా మనం తోడటమే. తోడిన నీరు కొలిచాం, పడిపోయిన మట్టం కొలిచాం. రెంటినీ భాగిస్తే రాయి సంగతి బయటపడుతుంది. 60 బోర్లు 120 రోజులు నడిస్తే 2,33,280 ఘనపు మీటర్లు. 15 శాతం తిరిగి దిగిందనుకుంటే నికరంగా పోయింది 1,98,288. దీన్ని 90 లక్షల చదరపు మీటర్ల మీద పరిస్తే 22 మిల్లీమీటర్లు. ఆ కాలంలో మట్టం 1.6 మీటర్లు, అంటే 1,600 మిల్లీమీటర్లు పడింది. 22ను 1,600తో భాగిస్తే 1.4 శాతం దరిదాపు.

ఏప్రిల్‌లో పెద్ద వాన పడిన ఏడాది ఈ లెక్క చేయకండి. మట్టం మొరం పొర దాటి పగుళ్ల రాయిలోకి జారిపోయిన ఏడాది వచ్చే అంకె కింది పొరది, అది ఇంకా చిన్నగా ఉంటుంది. దాన్ని పై పొరకు వాడకూడదు.

6. మొదటి లెక్క: మట్టం తేడాతో

పెరిగిన నిల్వ: 90 లక్షల చదరపు మీటర్లు × 3 మీటర్లు × 0.014 = 3,78,000 ఘనపు మీటర్లు.
తోడింది కలిపితే: 4,94,640.
తిరిగి దిగింది (17,496), చెరువు (28,000), చెక్‌డ్యాములు (6,000) తీసేస్తే: 4,43,144.
9,000తో భాగిస్తే: 49 మిల్లీమీటర్లు.

ఇదే లెక్కలో స్పెసిఫిక్ ఈల్డ్ 1 శాతం వేస్తే 37 మిల్లీమీటర్లు, 3 శాతం వేస్తే 97 వస్తాయి. ఈ మూడూ పుస్తకంలో రాయండి.

7. రెండో లెక్క: వానలో వాటా

ఇది సులభమైనది, తనిఖీకి మాత్రమే మంచిది. సాధారణ వార్షిక వర్షపాతంలో పదో వంతు నేల తడవడానికే పోతుందని తీసేసి, మిగిలిన వానకు మొరం గ్రానైట్ అయితే 11 శాతం, బంకమట్టి ఎక్కువుంటే 8 శాతం వేయాలి. 480లోంచి 55 తీస్తే 425. దీనికి 8 శాతం 34 మిల్లీమీటర్లు, 11 శాతం 47.

జీఈసీ పద్ధతిలో ఈ రెండో లెక్కతో పోల్చి మొదటిదాన్ని సరిచూస్తారు. మొదటిది రెండోదానికి 20 శాతం లోపు అటూ ఇటూ ఉంటే మొదటిదే ఖాయం. అంతకు మించి ఎక్కువైతే రెండోదానికి 1.2 రెట్ల దగ్గర ఆపేస్తారు, మరీ తక్కువైతే 0.8 రెట్ల దగ్గర. అధికారిక లెక్కలో ఒక్క ఏడు చాలదు, కొన్నేళ్ల అంకెలను సాధారణ వర్షపాతానికి సర్దాకే పోలుస్తారు. మన 49ని 47తో పోలిస్తే నిలుస్తుంది. 34తో పోలిస్తే నిలవక, 41 దగ్గర ఆగుతుంది. కాబట్టి మీ బావుల్లో తవ్వినప్పుడు బయటపడిన మొరంలో బంక ఎంతుందో చూసి నిర్ణయించండి. ఊళ్లో బావులు తవ్విన పెద్దాయన ఎవరైనా ఉంటే ఆయన్ని అడగండి. ఏ పొలంలో ఎంత లోతులో ఏమి వచ్చిందో వాళ్లకు గుర్తుంటుంది.

8. మూడో లెక్క: క్లోరైడ్

నాకు అన్నిటికంటే ఇష్టమైన పద్ధతి ఇది, ఎందుకంటే మట్టంతో, మోటార్లతో, రాయి గుణంతో దీనికి సంబంధం లేదు. పై రెంటిలో ఏ తప్పు జరిగినా ఆ తప్పు దీనికి అంటదు.

వాన నీటిలో కొద్దిగా క్లోరైడ్ ఉంటుంది. నీరు ఆవిరైపోతుంది, మొక్క పీల్చుకుంటుంది. క్లోరైడ్ ఆవిరి కాదు, మొక్క దాన్ని పెద్దగా తీసుకోదు. మిగిలిన నీటిలో చిక్కబడుతూ కిందికి దిగుతుంది. పాలు కాచి కోవా చేసినప్పుడు ఎంత చిక్కబడిందో చూసి ఎంత ఇగిరిందో చెప్పగలిగినట్టే, బావి నీటిలో క్లోరైడ్ చూసి వానలో ఎంత వంతు కిందికి దిగిందో చెప్పవచ్చు. వార్షిక వానను వాన నీటి క్లోరైడ్‌తో గుణించి, భూగర్భ జలంలోని క్లోరైడ్‌తో భాగిస్తే రీఛార్జి వస్తుంది. 550 మిల్లీమీటర్ల వాన, వానలో లీటరుకు 2 మిల్లీగ్రాములు, బావిలో 40 మిల్లీగ్రాములు అయితే 27.5 మిల్లీమీటర్లు.

నమూనాలు తీయడంలోనే ఉంది సంగతంతా. వాన నీటిని ఒక్కరోజు పట్టి పంపితే కుదరదు. మొదటి జల్లులో దుమ్ముతో కలిసి క్లోరైడ్ ఎక్కువ, పెద్ద వానలో తక్కువ. 12 మిల్లీమీటర్ల వానలో 5, 60 మిల్లీమీటర్ల వానలో 1 ఉంటే మామూలు సగటు 3 అవుతుంది. వాన పరిమాణంతో తూచితే 1.7 మాత్రమే. తూచిన సగటునే వాడండి. పొడి దుమ్ముతో వచ్చి పడేదీ లెక్కలోదే కాబట్టి పాత్రను సీజన్ అంతా తెరిచి ఉంచి, పిట్టలు వాలకుండా మాత్రం చూడండి.

బావి ఎంపికలో ఇంకా కఠినంగా ఉండాలి. మ్యూరేట్ ఆఫ్ పొటాష్ అంటే పొటాషియం క్లోరైడే. అది వేసిన పొలం పక్క బావి పనికిరాదు. ఊళ్లో మరుగుదొడ్ల గుంతల దగ్గరి బావి, పశువుల కొట్టాల పక్కది, చెరువు కింది ఆయకట్టులోది, కాలువ నీరు చేరేది, ఇవేవీ వద్దు. మిట్ట మీద సాగునీరు పారని చోట ఉన్న బావులు నాలుగైదు తీసుకోండి. అదే నమూనాలో నైట్రేట్ కూడా చేయించండి. నైట్రేట్ ఎక్కువుంటే క్లోరైడ్ కూడా మనుషులు చేర్చిందేనన్న అనుమానం పెట్టుకుని ఆ బావిని వదిలేయండి. బావిలోకి వాన కాకుండా వేరే దారిలో క్లోరైడ్ చేరితే రీఛార్జి ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. వాగు ద్వారా నీరు బాగా బయటికి పోయే చోట, ఆ నీటితో పోయే క్లోరైడ్‌ను వానతో వచ్చిన క్లోరైడ్‌లోంచి తీసేయాలి, లేకపోతే ఎక్కువగా కనిపిస్తుంది.

ఈ పద్ధతి చెప్పేది ఈ ఏటి సంగతి కాదు, ఎన్నో ఏళ్ల సగటు. అదే దీని బలం. ఒక మంచి వానాకాలం చూసి మురిసిపోకుండా నిలుపుతుంది.

వేరే పద్ధతులూ ఉన్నాయి. ఎన్‌జీఆర్‌ఐ దేశంలో చాలాచోట్ల వాడిన ట్రిటియం పద్ధతిలో వానకు ముందు నేలలో గుర్తు నీరు ఎక్కించి, వానల తర్వాత అది ఎంత లోతుకు జారిందో మట్టి తీసి చూస్తారు. అది ప్రయోగశాల పని. ఉపగ్రహాల గురుత్వ కొలతలు వందల కిలోమీటర్ల మేర చెబుతాయి, వాటర్‌షెడ్‌కు పనికిరావు. వానలోంచి ఆవిరినీ పారిన నీటినీ తీసేసి మిగిలిందే రీఛార్జి అనే లెక్క మాత్రం మెట్టలో చేయకండి. 550 మిల్లీమీటర్ల వానకు ఆవిరి అంచనాలో పది శాతం తప్పు పోతే 50 మిల్లీమీటర్ల దరిదాపు తేడా వస్తుంది. మనం వెతుకుతున్న అంకె మొత్తం అంతే.

9. అంకెలు పక్కపక్కన పెట్టి చూడటం

మట్టం తేడాతో 49, వాన వాటాతో 34 నుంచి 47, క్లోరైడ్‌తో 27.5. వీటిని సగటు చేయకండి. మూడూ మూడు వేర్వేరు విషయాలు చెబుతున్నాయి. 49 ఈ ఏటి కొలత. 27.5 చాలా ఏళ్ల మీద ఈ నేల నిలకడగా ఇవ్వగలిగింది. వాన ఓ మోస్తరుగా బాగున్న ఏడు మట్టం లెక్క క్లోరైడ్ లెక్కకంటే ఎక్కువ ఉండటం సహజం. కరువు ఏడాది కూడా మట్టం లెక్క క్లోరైడ్ లెక్కను దాటిపోతే బోర్ల సంఖ్యలోనో స్పెసిఫిక్ ఈల్డ్‌లోనో తప్పుంది, వెనక్కి వెళ్లి వెతకండి.

10. ఎకరాల్లోకి మార్చడం

చిన్న అంకెతో మొదలుపెడదాం. 27.5 × 9,000 = 2,47,500. చెరువు, చెక్‌డ్యాముల నుంచి ఏడాదికి 40,000 కలిపితే 2,87,500. వంకల్లోకి ఊటగా పోయేదానికి 10 శాతం వదిలితే 2,58,750. ఆ తర్వాత తాగునీరు: మనిషికి రోజుకు 55 లీటర్లు, 2,000 మంది, ఏడాదికి 40,150. ఇది పంటకంటే ముందు పక్కన పెట్టాలి, బేరం లేదు. ఖరీఫ్‌లో నికరంగా వాడేసింది 99,144. మిగిలింది 1,19,456 ఘనపు మీటర్లు.

వేరుశనగకు 500 మిల్లీమీటర్లు అనుకుంటే ఎకరాకు సుమారు 2,000 ఘనపు మీటర్లు. అంటే 60 ఎకరాలు. అదే నీటితో వరి పెడితే, 1,200 మిల్లీమీటర్ల చొప్పున, 25 ఎకరాలు దాటవు.

ఇప్పుడు ఇదే లెక్కను 49తో చేయండి: 147 ఎకరాల వేరుశనగ. పట్టికలోని 3 శాతాన్ని పరీక్షించకుండా వాడి 97తో చేస్తే సుమారు 340 ఎకరాలు. ఒకే ఊరు, ఒకే వాన, ఒకే బావులు. 60 దగ్గర ఆగాల్సిన ఊరు 340 ఎకరాలకు విత్తనం కొంటే ఏమవుతుందో ఈ జిల్లాల్లో ఎండిన బోర్లను చూసినవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

నేను ఊరి సమావేశంలో 60 ఎకరాలు ఖాయం అని చెప్పి, ఆ పైన 147 దాకా వేయదలిచినవాళ్లు వచ్చే ఏటి వానను ముందుగా అప్పు తెచ్చుకుంటున్నారని స్పష్టంగా చెబుతాను. గత రెండు మూడేళ్లు మట్టం పెరుగుతూ వచ్చి ఉంటే కొంత అప్పు భరించవచ్చు. తగ్గుతూ వస్తుంటే వద్దు. అంకెలను రచ్చబండ దగ్గర గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి: వాన, మట్టం, మూడు రీఛార్జి అంకెలు, ఎకరాలు. బోరు లేనివాళ్లకూ, కూలికి పోయేవాళ్లకూ ఈ లెక్క తెలియాలి. వాళ్ల తాగునీరూ ఇందులోనే ఉంది.

11. మేలో సరిచూసుకోవడం

అంచనా నిజమో కాదో తేలడానికి ముందే ఒక జోస్యం రాసి పెట్టండి. మన యూనిట్‌లో మట్టం ఒక మీటరు అంటే 1,26,000 ఘనపు మీటర్లు. 60 ఎకరాల రబీకి 1,20,000, ఆరు నెలల తాగునీరు 20,000, మొత్తం 1,40,000. అంటే మట్టం 1.1 మీటర్లు పడాలి. నవంబరులో 10 మీటర్లున్నది మే చివరికి 11.1 దగ్గర ఉండాలి.

మేలో కొలిచినప్పుడు అరమీటరుకు మించి తేడా వస్తే ఈ వరసలో వెతకండి. ముందు ఎకరాలు: అనుకున్నదానికంటే ఎక్కువ వేశారా, ఎవరైనా వరి పెట్టారా. తర్వాత బోర్లు: డిసెంబరు తర్వాత కొత్తవి పడ్డాయా. వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి తీసుకోని వాటినీ లెక్కించాలి. ఆ తర్వాత మోటారు గంటలు. పక్క వాటర్‌షెడ్‌లో గట్టిగా తోడటం వల్ల నీరు అటు జారుతోందేమో సరిహద్దు బావుల్లో చూడండి. ఇవన్నీ సరిగ్గా ఉంటే అప్పుడు స్పెసిఫిక్ ఈల్డ్‌ను కొత్త అంకెలతో మళ్లీ కట్టి, జూన్ వానలు మొదలయ్యేలోపు పుస్తకంలో పాత అంకె పక్కన కొత్తది తేదీ వేసి రాయండి. పాతదాన్ని కొట్టేయకండి. ఐదేళ్ల అంకెలు వరసగా ఉంటే మీ మొరం స్వభావం ఎంత మేర మారుతుందో ఆ పేజీలోనే కనిపిస్తుంది.